కుడి పక్కన పట్టుచీర
2008, మంగళవారం. బెళ్ళందూరు.

మా సోషల్ నెట్‌వర్కింగ్ సైట్‌లో ప్రకటన ఇచ్చిన చీరల అంగడి నారాయణప్పగారిని దాన్ని ఇంకో నెల పొడిగించమని అడగడానికి వెళ్లాను. ఆయన కంప్యూటర్‌లో మా సైటే తెరిచి, చిన్ననాటి స్నేహితుడితో ముచ్చట్లలో మునిగిపోయి ఉన్నారు.

"రాప్పా, కూర్చో. బడిలో నా పక్కన కూర్చుంటా ఉన్నోడు. ఇన్నేండ్లకు దొరికినాడు, మీ పుణ్యమే!" అన్నారు.

"మీ ప్రకటన చూసి ఎవరైనా వచ్చారా?"

"లేదప్పా. అసలు అది ఎక్కడుండాది? నాకెప్పుడూ కనపడలేదే!"

ఆయన చూస్తున్న పేజీలోనే, కుడి పక్కన, ఆయన అంగడి పట్టుచీర మెరుస్తోంది. వేలు పెట్టి చూపించడానికి మనసొప్పలేదు. స్నేహితుడు దొరికిన మనిషికి చీరెందుకు కనిపిస్తుంది? పొడిగింపు మాటెత్తకుండానే కాఫీ తాగి వచ్చేశాను.

రేపు ఆఫీసులో ఏం చెప్పాలో... మా జీతాలన్నీ ఆ కుడి పక్క నుంచే రావాలి.