కోటేష్ మీది కేసు తీసి నా మీద కట్టమని

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,
సత్తెనపల్లి దగ్గర నల్లకుంటపాలెం కాపురస్తుడు, పత్తి మిల్లులో ఎలక్ట్రీషియన్, ఉప్పుటూరి త్రినాథ్, వయసు 32 సంవత్సరాలు, రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆన్‌లైన్ గేమ్ కోసం బయటివాళ్లు తయారుచేసిన టూలు ద్వారా ఫోనులో వైరస్ చేరుట, దానివలన నా బావమరిది కోటేష్ నేరస్తుడిగా నమోదగుట, నేను అతని కుడిచెయ్యి నలగగొట్టుట – వీటిపై చర్య కోరుట గురించి.

1. కోటేష్ నా భార్య బిందుమాధవికి తమ్ముడు. వయసు 26. మా వీధిలోనే ఉంటాడు. తల్లి వెంకటరావమ్మ గారితో కలిసి మూడెకరాల్లో మిరప వేస్తాడు. నా చెల్లెలు శ్రీరమ్యను అతనికి ఇవ్వాలని రెండు ఇళ్లలోనూ అనుకున్నాం. చెల్లెలు గుంటూరులో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నది. నేనూ కోటేష్ రోజూ పని అయ్యాక సెల్‌ఫోనులో తుపాకుల ఆట ఒకే జట్టుగా ఆడేవాళ్లం. అతనికి గురి కుదరదు. అతని వల్ల ఓడిపోతున్నామని నాకు కోపం. తుపాకీ గురి దానంతటదే అవతలివాడి తల మీదికి పోయే టూలు ఒకటి ఉన్నదని ఎక్కడో ఒక గ్రూపులో చూసి ఆ ఫైలు దించుకున్నాను. నా ఫోను పాతది కావడంతో అందులో ఎక్కలేదు. ఫిబ్రవరి 3న సాయంత్రం కోటేష్ ఫోనులో నా చేతులతో ఎక్కించాను.

ఆ రోజు అతను అడిగిన మాట ఇది: "బావా, ఇదేంటి, ఫోటోలు చూస్తానంటంది, మెసేజ్‌లు చూస్తానంటంది, ఆటకి ఇయ్యన్నీ ఎందుకు?"

నేను చెప్పిన మాట ఇది: "అడిగిందానికల్లా అలో కొట్టరా. గెలవాలని లేదా నీకు?"

కొట్టాడు. ఆ సాయంత్రం గెలిచాం కూడా. ఆ సంబరంలో అదే ఫైలు మా ఊరి ఆట గ్రూపులో పెట్టాను. తొమ్మిది మంది తీసుకున్నారు.

2. ఫిబ్రవరి 11న కోటేష్ నంబరు నుంచి శ్రీరమ్యకు ఫోటోలు వచ్చాయి. మా పెళ్లిలో, మా పాప అన్నప్రాసనలో కోటేష్ తీసినవి. వాటిలోని నా చెల్లెలి ముఖం కత్తిరించి బట్టలు లేని ఒంటికి అతికించారు. "మీరు సహకరించని యెడల ఇవి మీ పరిచయస్తులందరికీ చేరవేయబడును. మరికొన్ని చిత్రాలు స్వయంగా పంపవలెను" అని కింద ఉన్నది. చెల్లెలు బస్సెక్కి ఇంటికి వచ్చి, ఫోను నా చేతిలో పెట్టి, గోడ పక్కన కూర్చున్నది. రెండు పూటలు నీళ్లు కూడా ముట్టలేదు.

అయినా ఆ స్థితిలో కూడా ఆమె ఒక మాట అన్నది. "అన్నయ్యా, ఇది కోటేష్ రాసే తెలుగు కాదు. ఆయన నాకు ఎప్పుడు పెట్టినా ఇంగ్లీషు అక్షరాల్లో 'తిన్నారా రమ్యగారూ' అని పెడతాడు. సహకరించడం అనే మాట ఆయనకి తెలుసా అసలు?"

నేను వినలేదు. వెంటనే ఆమె చేత సంతకం పెట్టించి తమ స్టేషనులో ఫిర్యాదు ఇప్పించాను. ఆమె పెన్ను పట్టుకొని చాలాసేపు ఆగింది. నేనే తొందరపెట్టాను. ఎఫ్‌ఐఆర్ అయినది.

3. ఫిర్యాదు ఇచ్చినవాడిని ఇంటికి పోవలసింది. పోలేదు. మర్నాడు పదకొండు గంటలకు కోటేష్ కల్లంలో ఎండుతున్న మిరపకాయలు తిరగేస్తున్నాడు. తల్లి వెంకటరావమ్మ గారు, ఆరుగురు కూలి ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నన్ను చూసి కోటేష్ "రా బావా, మజ్జిగ తాగుతావా" అన్నాడు. పక్కన పడి ఉన్న నీళ్ల ఇనప పైపు ముక్క తీసుకొని మోకాలి మీద కొట్టాను.

కిందపడ్డాడు. "నా చెల్లెలికి ఆ మెసేజ్‌లు పంపుతావా" అంటూ మెడ పట్టి ముఖాన్ని మిరపకాయల రాశిలో అదిమాను. అరవబోతే గింజలు నోట్లోకి పోయాయి. లేచినప్పుడు కళ్లు తెరవలేకపోయాడు. "ఏం చేశాను బావా, ఏం మెసేజు, నాకు చెప్పు బావా" అని తడుముకుంటూ పక్కనున్న ట్రాక్టరు ట్రాలీ పట్టుకొని నిలబడ్డాడు. కుడిచెయ్యి ట్రాలీ అంచు మీద ఉన్నది. "ఈ చేత్తోనే గదరా పంపింది" అని వెనక డోరు లేపి ఆ చెయ్యి మీద వేశాను. ఎముక చప్పుడు విన్నాను. మళ్లీ లేపి మళ్లీ వేశాను.

ఈ అర్జీ మొదటి ప్రతిలో "ఆవేశములో ఒకటి రెండు దెబ్బలు కొట్టియుంటిని" అని రాశాను. నా భార్య బిందుమాధవి చదివి, ఆ వాక్యం మీద పెన్నుతో గీత గీసి, "డోరే నాలుగుసార్లు వేశావు. మా అమ్మ లెక్కపెట్టింది. అలాగే రాయి" అన్నది. కనుక నాలుగుసార్లు. వెంకటరావమ్మ గారు కొడుకు మీద అడ్డంగా పడితే ఆమెను భుజం పట్టి పక్కకు విసిరాను. ఆమె మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారింది. కూలివాళ్లలో ఒకామె మిరపకాయల బుట్ట నా తల మీద బోర్లిస్తే, కళ్లు మండి వెనక్కి తగ్గాను. అప్పుడు గాని నేను ఆగలేదు. ఆమె ఆ పని చేయకపోతే కోటేష్‌ను చంపేవాడినని నాకు తెలుసు. అప్పుడు నాకు చంపాలనే ఉన్నది. ఈ సంగతి తమ రికార్డులో ఉండాలని రాస్తున్నాను.

4. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఎముకల ఆసుపత్రికి తీసుకుపోయాం. నేను కూడా పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ చెప్పలేను. ఎలా జరిగిందని డాక్టరు గారు అడిగితే వెంకటరావమ్మ గారు నా భార్య ముఖం ఒకసారి చూసి, "ట్రాలీ డోరు పడిందండి" అన్నారు. కూతురి కాపురం కోసం ఆ మాట అన్నారు. ఆ మాటే కాగితం మీదికి ఎక్కింది.

మర్నాడు ఉదయం కోటేష్‌ను ఆపరేషనుకు లోపలికి తీసుకుపోయారు. అతని ఫోను ఆపేసి నా భార్య సంచిలో ఉన్నది. సంచి ఆమె ఒడిలో ఉన్నది. పదిన్నరకు శ్రీరమ్య నాకు ఫోను చేసింది.

"అన్నయ్యా, మళ్లీ వచ్చింది. ఇప్పుడే. కోటేష్ ఎక్కడున్నాడు?"

"ఆపరేషన్లో."

"ఫోను?"

"మీ వదిన దగ్గర."

ఆమె ఫోను పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. నా భార్య నా ముఖం చూసి, సంచిలోంచి ఫోను తీసి, నల్లగా ఉన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏం జరిగిందో ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. లేచి పోయి వరండా చివర కూర్చున్నది. అప్పటినుంచి అవసరమైన మాట తప్ప నాతో మాట్లాడటం లేదు.

కోటేష్ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నిలిచాయి. మిగతా మూడింటిలో ఒకటి తీసేశారు. రెండు వంగవు.

5. ఆ ఫోనును సత్తెనపల్లిలో సెల్‌ఫోన్లు బాగుచేసే మార్క్ అనే అతనికి చూపించాను. అతను అరగంట చూసి చెప్పినది చెప్పినట్టే రాస్తున్నాను.

"అన్నా, ఇది గేమ్ చేసినోళ్లు ఇచ్చింది కాదు. ఎవడో బయటోడు చేశాడు. గురి పెట్టడం నిజంగానే పెడుద్ది, అందుకే అందరూ నమ్ముతారు. గురి పెట్టాలంటే స్క్రీన్ చూడాలిగా, నీ బదులు నొక్కాలిగా. ఆ రెండూ చేసే హక్కు మీరే ఇచ్చారు. ఇంక అది ఆటనే చూడాలని ఏముంది? ఫోటోలు చూస్తది, మెసేజ్‌లు చూస్తది, నీ బదులు అన్నీ నొక్కుద్ది. ఇదిగో చూడు, ఈ నంబరు ఇంకెక్కడో కంప్యూటర్‌కి ముడేసి ఉంది. ఫోను ఆపేసినా అక్కణ్ణించి పంపుకుంటాడు."

ముడివేసిన తేదీ, సమయం ఫోనులోనే ఉన్నాయి. ఫిబ్రవరి 3, సాయంత్రం 5.52. మేము అలో కొట్టింది 5.40 ప్రాంతంలో. కోటేష్ పక్కన కూర్చొని గెలుస్తున్నామని నేను కేకలు వేస్తున్న సమయం అది. మార్క్ తీసి ఇచ్చిన ఫోటోలు దీనితో జతచేశాను.

6. ఇవన్నీ పట్టుకొని గత నెల 20న తమ స్టేషనుకు వచ్చాను. తమరు లేరు. రాతపని చూసే ఆయన చదవకుండానే, "వాడే పంపి, ఇద్దరూ కలిసి వైరస్ అని నేర్చుకొచ్చారా? రాజీ అయితే కోర్టులో చెప్పుకోండి" అన్నారు. నేను కొట్టాను, నా మీద కేసు కట్టండి అన్నాను. "ఆసుపత్రి కాగితంలో ట్రాలీ డోరు పడిందని ఉంది. డోరు మీద కట్టమంటావా?" అన్నారు. అక్కడున్నవాళ్లు నవ్వారు. నవ్విన ఒకాయన చొక్కా పట్టుకోబోయి, నా చెయ్యి నేనే పట్టుకొని బయటికి వచ్చాను.

అక్కడినుంచి నేరుగా ఊరికి పోయి ఫైలు తీసుకున్న తొమ్మిది ఇళ్లకూ తిరిగాను. అయిదుగురు నా ముందే తీసేశారు. ఇద్దరు "తీస్తే గెలవలేనన్నా" అన్నారు. మిగిలిన ఇద్దరు పంక్చర్ షాపు అబ్దుల్లా, అతని చిన్నాన్న కొడుకు సిలార్. నేను షాపు దగ్గరికి పోయేసరికి అబ్దుల్లా టైర్లు విప్పే ఇనప లీవరు పట్టుకొని రోడ్డు దాటుతున్నాడు. సిలార్ నంబరు నుంచి అబ్దుల్లా భార్య నజ్మీన్‌కు అలాంటి ఫోటోలే వచ్చాయి. అదే "సహకరించని యెడల".

సిలార్ తన గుమ్మంలో కూర్చొని అన్నం తింటున్నాడు. నేను పరుగెత్తి అబ్దుల్లాను వెనకనుంచి పట్టుకున్నాను. "వాడు కాదు, వాడు కాదు" అంటున్నాను గాని, అతనికి వినబడటం లేదని నాకు తెలుసు. నాకూ వినబడలేదు కదా. విదిలించుకోబోతూ లీవరుతో నా దవడ మీద కొట్టాడు. రెండు పళ్లు ఊడాయి. రెండో దెబ్బ మెడ కింద పడి ఎముక చిట్లింది. అయినా నడుం వదల్లేదు. నా నోటి నెత్తురు అతని చొక్కా నిండా అయ్యాక, ఎవరిని కొట్టాడో చూసుకొని లీవరు వదిలేశాడు. సిలార్ అన్నం చేత్తోనే వచ్చి, "ఏమైంది అన్నా" అని అబ్దుల్లానే అడిగాడు. అబ్దుల్లా అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు.

అబ్దుల్లా మీద నాకు ఫిర్యాదు లేదు. అతని మీద కేసు కట్టవద్దు.

7. కావున తమరిని కోరుకునేవి: కోటేష్ ఫోనును నిపుణుల పరీక్షకు పంపి, అతని పేరు ఎఫ్‌ఐఆర్ నుంచి తొలగించవలెను. మా చెల్లెలు వాంగ్మూలం మార్చి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నది. ఆ టూలు తయారుచేసినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ దేశంలో ఉన్నా వెతికించవలెను. వాడు దొరికితే నా కంట పడనీయవద్దు. ఇది బెదిరింపు కాదు, ముందుగా తెలియజేసుకోవడం. రెండు నెలలుగా వాడికి ముఖం లేదు, పేరు లేదు, నాకు రోజూ కొట్టాలని ఉంటున్నది, చేతికి ఎవరూ అందడం లేదు. మిల్లులో స్విచ్ బోర్డు మీద గుద్ది చేతికి కట్టు వేయించుకున్నాను.

ఊరూరా చాటింపు వేయించైనా సరే, ఆటలో సాయం చేస్తామని వచ్చే బయటి టూళ్లు ఎక్కించుకోవద్దని చెప్పించవలెను. తీయనన్న ఇద్దరి ఇళ్లకు కనీసం ఒక కానిస్టేబుల్‌ను పంపవలెను. వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లు ఉన్నారు, గొడ్డళ్లు ఉన్నాయి.

ఇక నా సంగతి. ఆసుపత్రి కాగితంలో ఉన్నది అబద్ధం. డోరు పడలేదు, నేను వేశాను. అత్తగారిని కూడా విసిరేశాను. కల్లంలో ఆరుగురు చూశారు. ఎవరూ సాక్ష్యం చెప్పకపోయినా నేను చెబుతాను. శిక్షకు తగిన సెక్షన్లు ఏవో నాకు తెలియదు, తమకు తెలుసు. అవి నా మీద పెట్టవలెను.

ఈ అర్జీ ఆసాంతం చిత్తగించవలెనని, చిత్తగించిన పిమ్మట నన్ను పిలవకుండా ఫైలులో కట్టివేయవద్దని వేడుకుంటూ,

తమ విధేయుడు, ముద్దాయి కాగోరువాడు,
ఉప్పుటూరి త్రినాథ్

తాజాకలం: ఇది తీసుకొని బయలుదేరుతుంటే కోటేష్ మా గుమ్మంలోకి వచ్చాడు. కల్లం దగ్గర జరిగిన తర్వాత మా గడప తొక్కడం ఇదే మొదలు. కాగితాలు అడిగి, ఎడమచేత్తో పట్టుకొని, నిలబడే మొత్తం చదివాడు.

"కేసు పెట్టించుకో బావా. నేను అడ్డం రాను. అక్క మొహం చూసి కూడా రాను."

సరేనన్నాను. బండి తాళం తీసుకున్నాను.

"ఒక్కడివే పోతే మళ్లీ నవ్వి పంపించేస్తారు. నేనూ వస్తా. చెయ్యి చూపిస్తా" అని వెనక ఎక్కాడు.

కుడిచెయ్యి పట్టుకోవడానికి పనికిరాదు గనుక, గతుకు వచ్చినప్పుడల్లా ఎడమచెయ్యి నా భుజం మీద వేశాడు. వేసినప్పుడల్లా కొడతాడని ఒళ్లు బిగపట్టాను. కొట్టలేదు.

ఈ నాలుగు ముక్కలు తమ స్టేషను వరండాలో బల్ల మీద కూర్చొని రాస్తున్నాను. అతను పక్కనే ఉన్నాడు. ముందు ఎవరిని పిలిచినా ఇద్దరం వస్తాం.