మామను మందకు తీసుకుపోతున్నాను

మొండితనంలో మీకు మీరే సాటి అనుకున్నాను, మీ నాయన మిమ్మల్ని మించిపోయారు.

అన్నం, పప్పు పొయ్యి పక్కన ఉన్నాయి. వర్షిత ఐదింటికి బడి నుంచి వస్తుంది, మీరే తలుపు తీయాలి. ఎదురింటి శోభ అడిగితే షికారుకు పోయారని చెప్పండి.

గొర్రెలు అమ్మేసి ప్రొద్దుటూరు వచ్చినప్పటి నుంచి ఆయన సరిగా తినడం లేదు. ఇప్పుడు కోతలైన చేలల్లో మందలు దిగే రోజులు కదా, రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. పొద్దున గేటు పట్టుకుని నిలబడ్డారు. “యాడికి మామా?” అంటే “మందను ఒగసారి చూసొచ్చి తింటాలే” అన్నారు.

నేనేం చేయగలను? దువ్వూరు దగ్గర ఎవరిదో మంద దిగిందట, బస్సులో తీసుకుపోతున్నాను. క్యారియర్ కట్టుకున్నాను.

చెప్పడం మరిచాను. ఆయనకు చెప్పులు తొడుగుతూ, వినబడేలా గట్టిగానే అన్నాను: “గొర్రెలను అమ్మాలని పట్టుబట్టింది నేనే మామా. తప్పు నాదే.”