ఆదివారం ఛాయ్ చూసి

నాంపల్లి

చిరంజీవి వనజకు ఆశీస్సులు. నా ఒళ్ళు బాగుంది, ఫికర్ చేయకు.

మీ వదినకూ నాకూ పడటం లేదని నన్ను నిజామాబాద్ తీసుకుపోతానన్నావు. అప్పుడే రాకు. ఫోన్‌లో చెప్తే స్వర్ణకు వినిపిస్తుందని కార్డు రాస్తున్నాను. ఈమధ్య స్వర్ణ నాతో మర్యాదగా మాట్లాడుతోంది. అదే నా అనుమానం. మేడమీద కిరాయికి ఉండేవాళ్ళ మనస్విని, కుటుంబాల మీద పరిశోధన ఎట్లా చేయాలో కాలేజీలో నేర్చుకుంటోంది. రోజూ సాయంత్రం మన వంటింట్లో పీట వేసుకుని, ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో రాసుకుంటుంది. అప్పటి నుంచే "అత్తమ్మా, మీరు కూసోండ్రి, ఛాయ్ నేను తెస్త గద" అంటోంది స్వర్ణ. ఇన్నేళ్ళలో అడగకుండా ఎప్పుడైనా తెచ్చిందా?

మనస్వినిని పక్కకు పిలిచి అడిగాను. "ఎవరన్న చూస్తున్నరంటే అందరు మారుతరు నానమ్మా. అందుకే మొదటి వారం రాసింది లెక్కకు రాదని మా మేడం చెప్పింది. ఆంటీ ఒక్కతేనా? ఇంతకుముందు నువ్వు 'ఏయ్' అని కేకేస్తే మాకు మీదికి వినవడేది. ఇప్పుడు 'స్వర్ణమ్మా' అంటున్నవ్" అని నవ్వింది. రెండో వారం కూడా ఛాయ్ వస్తూనే ఉంది.

పసుపు కొమ్ములు దంచించకుండా పంపు, మిల్లులో ఏం కలుపుతారో. నా ఇత్తడి డబ్బా నీ దగ్గరే ఉంది, అదీ పంపు. అల్లుడికీ పిల్లలకూ దీవెనలు.

శనివారంతో మనస్విని పని అయిపోతుంది. ఆదివారం ఛాయ్ రాకపోతే 'స్వర్ణమ్మా' అని పిలిచి అడుగుతాను. అప్పటికీ రాకపోతే వచ్చి తీసుకుపో.

అమ్మ