రత్నం ఎత్తిన చెయ్యి

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
ఫిబ్రవరి 1966

అత్తగారి పాదాలకు మీ అల్లుడి నమస్కారాలు.

రొమ్ములో గడ్డకు కోత వద్దని, మన రత్నాన్ని ఊరికి తెచ్చి అమ్మవారికి అప్పగించమని మీరు రాసిన ఉత్తరం అందింది. అది చేరేసరికే కలకత్తాలో ఆపరేషన్ అయిపోయింది. ఎడమ రొమ్ము తీసేశారు. కోపగించకండి, ముందుగా మీకు చెప్పొద్దన్నది తనే. లోపలికి తీసుకెళ్లేటప్పుడు, "డాక్టరు చెయ్యి అమ్మోరే పట్టుకుంతాది. మీకేటి బెంగ?" అని నాకే ధైర్యం చెప్పింది.

గాయం మానింది. గడ్డ మళ్లీ రాకుండా ఇచ్చే లైటు వైద్యానికి ఇంకా కొన్నాళ్లు రైల్లో వెళ్లి రావాలి. ఎడమ చెయ్యి పైకి లేవడానికి రోజూ గోడ మీద వేళ్లు పాకించమన్నారు. నొప్పికి కళ్ల నీళ్లు వచ్చినా ఒక్కనాడూ మానలేదు.

నిన్న సాయంత్రం నేను దేవుడి గూట్లో దీపం పెట్టబోతే, "తప్పుకోండి. ఇన్నాళ్లూ మీరే పెట్టినారు, ఇయ్యాల నేను పెడతాను" అంది. ఎడమ చెయ్యే ఎత్తింది. చెయ్యి వణికింది గానీ దీపం ఆరలేదు.

మీరు తప్పక రండి, తన ముందు మాత్రం ఏడవకండి. ఎడమవైపు లోపల దూది పెట్టి కొత్త రవిక ఒకటి కుట్టించి తెండి. ఇక్కడ మన తెలుగువాళ్లు అమ్మవారికి చేసే మాత పూజకు తొడుక్కుంటుందట. ఎర్రదే కావాలంటోంది.

మీ అల్లుడు