పెట్రోలు గొట్టంలో దొరికింది

తమ్ముడూ, బండి మళ్లీ బిగించాను. పెట్రోలు కుళాయి తిప్పు, చోక్ లాగి రెండు కిక్కులు కొట్టు. ఇంజను వేడెక్కాక చోక్ మూసెయ్యి. నాలుగింటికి మిల్లుకు వెళ్లి నాన్నను ఎక్కించుకురా. నాకు ఆఫీసు టైమైంది.

బండి స్టార్టయిన రెండు నిమిషాలకే ఎందుకు ఆగిపోతోందో తెలిసింది. కార్బురేటర్ విప్పి కడిగి, జెట్‌లోకి గాలి ఊదినా పెట్రోలు సరిగా దిగలేదు. గొట్టం పీకి చూస్తే నీ ఇయర్‌ఫోన్ స్పాంజి ముక్క కుక్కి ఉంది. అది దానంతటది నడిచి వెళ్లలేదు కదా!

"అక్కా, నాన్న చోక్ మూయకుండా తోలి కార్బురేటర్ చెడగొట్టాడు. ఈ డొక్కు అమ్మేసి కొత్తది కొందాం" అన్నావు. నోరు తెరిచి అడిగితే కాదనేదాన్నా? ఈ ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అయినా ఏమీ చూడకుండా నీ మాట నమ్మి, పక్కింటివాళ్ల ముందు నాన్నను కసిరాను. ఆయన "నిజమేనేమో తల్లీ, చేతికి గుర్తుండటం లేదు" అని తల దించుకున్నాడు. నన్ను మోసం చేస్తే చేశావు, ఆ మాట ఆయన చేత అనిపించావు చూడు, అదే మింగుడుపడటం లేదు.

స్పాంజి నీ దిండు మీద పెట్టాను. నాన్నకు నువ్వే చెప్పాలి.

అక్క

ఇంకో మాట. ఎప్పటికైనా కొత్త బండి కొంటావు. ఆ రోజు, పదకొండు రోజులు వాచిన మోకాలితో మిల్లుకు నడిచిన మనిషిని ఒక్కసారి తలుచుకో.