తొలిచూలు పిల్లలు లేని జాబితా

చింతామణి,
ఆగస్టు 13.

డెంగ్యూ టీకా అధ్యయనం చూస్తున్న వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత టీకా రికార్డుల నుంచి తయారైన జాబితాలో మా వీధి తొలిచూలు పిల్లల పేర్లు లేకపోవడం గురించి.

బట్లహళ్ళి సభలో తమరు తెలుగులో మాట్లాడారు కాబట్టి ధైర్యం చేసి కన్నడం బదులు తెలుగులో రాస్తున్నాను. నేను బడిలో నాలుగో తరగతి వరకే చదివాను. మిగిలిన చదువు మార్కెట్టులో కూరగాయల బస్తాలు తూస్తూ నేర్చుకున్నది. వీధికి నీళ్ళు వచ్చాయా, ఎవరింట్లో జ్వరం ఉంది, ఇలాంటివి రోజూ ఒక పుస్తకంలో రాసుకోవడం అలవాటు. కింది సంగతులు ఆ పుస్తకం చూసి రాసినవే.

1. డెంగ్యూ టీకా ఎవరెవరికి వేయాలో తెలుసుకోవడానికి తమ సిబ్బంది ఇల్లిల్లూ తిరగలేదు. పుట్టినప్పటి నుంచి పిల్లలకు వేసిన టీకాల వివరం కంప్యూటర్లో ఉంది కనుక, అందులోని నంబర్లనే తీసుకుని ఆరు నుంచి పదేళ్ళ పిల్లల జాబితా చేశారు. అందులో ఉన్నవారికే టీకా. ఇది సులువైన పద్ధతి అని ఒప్పుకుంటాను.

2. మా వీధిలో పదిహేడు ఇళ్ళు. ఆ వయసు తొలిచూలు పిల్లలు పద్నాలుగు మంది. జాబితాలో ఉన్నది ఇద్దరు. ఆ ఇద్దరి తల్లులూ ఈ ఊరి ఆడపడుచులే. తక్కిన తల్లులు మదనపల్లె, కదిరి, హిందూపురం వైపు నుంచి వచ్చిన కోడళ్ళు. మాలో తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. బిడ్డకు మొదటి టీకాలు అక్కడే, కార్డూ అక్కడిదే. రెండో కాన్పు ఇక్కడ. అందువల్ల తమ రికార్డు ప్రకారం మా ఇళ్ళలో రెండో బిడ్డే మొదటి బిడ్డ.

3. మా మనవడు అనీష్ మదనపల్లెలో పుట్టాడు, తొమ్మిదేళ్ళు. చెల్లెలు మేఘ ఇక్కడే పుట్టింది, ఏడేళ్ళు. మేఘ పేరు జాబితాలో ఉంది. అనీష్ పేరు లేదు. వాడికి రెండేళ్ళ కిందట డెంగ్యూ వచ్చి తగ్గింది. రెండోసారి వస్తే మొదటిసారి కంటే ప్రమాదమని సభలో తమరే చెప్పారు.

4. వాడి ఆంధ్ర కార్డు పట్టుకుని మా వీధి ఆశా కార్యకర్త లక్ష్మీదేవమ్మ గారి దగ్గరికి వాడితో సహా వెళ్ళాను. "ఈ నంబరు కొడితే కంప్యూటరు తీసుకోనంటాదప్పా. నేనేం జేసేది? పిల్లోడు ఉండాడని నాకు తెల్సు, దానికి తెల్దు" అన్నారు.

"ఎదురుగానే నిలబడుకోని ఉండాడు కదమ్మా" అన్నాను.

"నిలబడుకుంటే చాలదప్పా. దాంట్లో పుట్టాల" అన్నారు.

5. జూలై 28న ఆదినారాయణప్ప గారి పెద్దమ్మాయికి జ్వరం. ఆగస్టు 2న రామప్ప గారి పెద్దబ్బాయికి. 5న మా ఎదురింటి పెద్దపిల్లకు. ఆ పిల్లను బెంగళూరు తీసుకెళ్ళారు. ఆ ఇంటికి ఇవాళ్టికీ తాళమే. ముగ్గురూ తొలిచూలు వాళ్ళు, జాబితాలో లేనివాళ్ళు.

6. 9వ తేదీన ఆరోగ్య కేంద్రం గోడకు అతికించిన కాగితంలో మా వీధి పేరు పక్కన "జ్వరాలు: సున్నా" అని ఉంది. జాబితా పిల్లలనే లెక్కించారు కాబట్టి తమ లెక్కకు అది నిజమే. ఆ మరునాటి నుంచి పొగ మందు బండి మా వీధికి రావడం మానేసింది. నేను ఆ మాట రాసుకుంటూ ఉంటే నా భార్య సులోచనమ్మ, "రాయి, రాయి. ఇంగ ఆ పుస్తకానికి గూడా జ్వరమొస్తాది" అంది.

కాబట్టి పుట్టింటి కార్డులున్న పిల్లలను ఇల్లిల్లూ అడిగి జాబితాలో చేర్చవలెననీ, అంతవరకు మా వీధి సున్నాను నమ్మవద్దనీ ప్రార్థన. తమరు చిత్తగించి, ఇంకొక ఇంటికి తాళం పడకముందే ఉత్తర్వు ఇప్పించవలెను.

తమ విధేయుడు,
చెన్నరాయప్ప

తా.క. ఆగస్టు 14, మధ్యాహ్నం.

పైన అబద్ధం ఏదీ రాయలేదు. ఒక సంగతి రాయలేదు. 11వ తేదీన టీకా శిబిరానికి మేఘ నంబరు పట్టుకుని అనీష్‌ను తీసుకెళ్ళాను. సూది వేసే ఆమె నంబరు చూసింది, పిల్లవాణ్ణి చూడలేదు. లక్ష్మీదేవమ్మ గారు అప్పుడు బయట ఉన్నారు, ఆమెకు తెలియదు. మా కోడలు వీణకు కూడా చెప్పలేదు. తప్పు నా ఒక్కడిదే. ముందు వాణ్ణి కాపాడుకుందాం, మేఘ సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

నిన్న సాయంత్రం నుంచి మేఘకు జ్వరం. కళ్ళ వెనక నొప్పి అంటోంది. ఈ ఉదయం ఆసుపత్రిలో డాక్టరు కంప్యూటర్ చూసి, "మొన్ననే టీకా పడిందే! ఇది టీకా జ్వరమమ్మా, రెండు దినాల్లో పోతాది" అని వీణతో చెప్పి, రక్తం తీయకుండానే మాత్రలు రాశాడు.

అప్పుడు నోరు తెరిచాను. "ఈ పాపకు వెయ్యలేదు సార్. దీని అన్నకు వేయించినాను" అన్నాను.

వీణ నా వైపు చూసింది. డాక్టరు నవ్వాడు. "రికార్డులో పాప పేరే ఉండాది కదప్పా. పెద్దోళ్ళు, ఏదో మర్చిపోయింటారు" అన్నాడు.

వీణ పాపను ఎత్తుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడా ముందు నంబరే అడిగారట. అదే మాట చెప్పి, అక్కడా రక్తం తీయలేదట. పాప తాగిన నీళ్ళు కక్కుతోంది. రేపు ఆగస్టు పదిహేను, కచేరీలకు సెలవు. అందుకని ఈ అర్జీ తమ చేతికే ఇవ్వాలని చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కుతున్నాను.

అయ్యా, పైన అడిగినవన్నీ తర్వాత చూడండి. ఈ రోజు ఆ రికార్డులో మా మేఘ పేరు కొట్టేయండి.