నొక్కి చూసిన ఇనుము

అన్నయ్యా,

ఫోను చేసి చెప్పొచ్చు. కానీ నీ గొంతు వినగానే సగంలో మాట మార్చేస్తానని నాకు తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నేను మళ్ళీ కారు కడుతున్నాను. తొమ్మిదేళ్ళ క్రితం మనం కట్టిందే, రెండు సీట్లది, నేలకు ఆనినట్టుండే రేసు బండి లాంటిది. ఈసారి పైపుల ఛాసిస్ దగ్గర్నుంచి మొత్తం కొత్తగా.

ఈ ముక్క చదవగానే ఉత్తరం పక్కన పడేస్తావేమో, పడేయకు. నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ రోజు ముందు చక్రం బ్రాకెట్ ఊడి నువ్వు గోడను గుద్దుకున్నాక ఆస్పత్రిలో అమ్మ ఒక్కటే అడిగింది, "ఏం ఊడిందిరా?" అని. మంచం మీంచి నువ్వే చెప్పావు, "వెల్డింగమ్మా" అని. వెల్డింగు చేసింది నేను. నీ మోకాలు ఇక పూర్తిగా వంగదని డాక్టరు చెప్పినప్పుడు కూడా నువ్వు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అమ్మ అంది, అనాల్సినన్నీ అంది. ఆ తర్వాత మనం కారు కట్టిన షెడ్డులో అమ్మ అడుగు పెట్టలేదు.

ఆ వారమే బస్సు బాడీల ఫ్యాక్టరీ నుంచి నన్ను చేరమని కాగితం వచ్చింది, గుర్తుందా? జీతం నచ్చలేదని చెప్పాను. అది అబద్ధం. మనుషులు ఎక్కే బండి మీద నా చెయ్యి పడకూడదని మానేశాను. అప్పట్నుంచీ గేట్లు, కిటికీ గ్రిల్సు. గేటు ఊడితే ఎవరి కాలూ పోదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొన్న ఒక బడిలో మెట్లకి రెయిలింగు బిగించాను. ఇరవై మంది పిల్లలు ఒక్కసారిగా ఎక్కి దానిమీద వేలాడారు. నా కళ్ళు అతుకుల మీదే ఉన్నాయి. అది వెంట్రుకవాసి కదల్లేదు. వచ్చే ఏడాదికి నాకు నలభై నిండుతాయి. ఇంకెన్నాళ్ళు నా చేతికి నేనే భయపడాలి అనిపించింది.

ముందు ఇనుము కావాలి. మూడు షాపులు తిరిగాను. మొదటి చోట మందం కొలిచే వెర్నియర్ బయటికి తీస్తే షాపతను నవ్వాడు.

"గేటుకి ఇంత కొలతెందుకమ్మా?"

"గేటుకి కాదు, కారుకి."

"ఓహో, మీవారు కడుతున్నారా?"

"మావారి ఊసెందుకు గానీ, మీ పైపు సంగతి చూడండి. మందం ఒకటీ పాయింటు ఆరు మిల్లీమీటర్లని రాసి ఒకటీ పాయింటు రెండు అంటగడుతున్నారు."

నవ్వు ఆగిపోయింది. రెండో చోట పైపు మీద రంగు కొట్టి తుప్పు దాచారు. మూడోది రైలు గేటు పక్కనున్న పాత షాపు. అక్కడి పెద్దాయన నా మాటంతా విని, గుండ్రటి పైపు ఒకటి తీసి జానెడు ముక్క కోశాడు. "పైపంటే ఏముందమ్మా, రేకుని చుట్టి పొడుగునా అతికించిందే. ఆ అతుకు మంచిదో కాదో నొక్కితే గానీ తెలీదు" అంటూ వైస్‌లో పెట్టి దాని దవడలు బిగించుకుంటూ పోయాడు. ముక్క అట్టలా చదునైపోయింది. అతుకు మాత్రం విచ్చుకోలేదు. నాకు కావలసిన ఇనుము దొరికిందనుకున్నాను.

డ్రాయింగు నీ దగ్గరుంది, పంపు. పంపకపోతే షెడ్డులో ఉన్న పాత ఛాసిస్ మీద కొలతలు తీసుకుంటాను. దాని మీద కప్పిన టార్పాలిన్ నేను ఇంతవరకు ఎత్తలేదు. అవసరమైతే ఎత్తుతాను.

నీ చెల్లెలు,
బుడంకాయ


అన్నయ్యా,

మూడు వారాలు చూశాను. డ్రాయింగు రాలేదు. టార్పాలిన్ ఎత్తాను.

ఇప్పుడు రాసేది నిదానంగా చదువు. ఊడిపోయిన బ్రాకెట్ పక్కనే ఒక సంచిలో ఉంది, ఎవరు పెట్టారో. దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులోకి వెళ్ళాను. నా వెల్డింగు చెక్కుచెదరలేదు. చుట్టూ నేనేసిన అతుకు పూస వేసింది వేసినట్టే ఉంది. దాని కింద పైపే పొడుగునా చీలి, ఒక పక్క పెచ్చులా బ్రాకెట్‌తో పాటు ఊడొచ్చింది. చిక్కుడుకాయ ఈనె లాగితే ఎలా విచ్చుకుంటుందో, అలా.

నా కళ్ళను నమ్మక, పాత ఛాసిస్‌లో ఎక్కడా దెబ్బ తగలని చోటు చూసి జానెడు ముక్క కోసి పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. వైస్ రెండు చుట్లు తిప్పాడో లేదో, పటుక్కుమని అతుకు నోరు తెరిచింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి నావైపు చూశాడు.

"ఇది పందిరి పైపమ్మా. దీంతో గొడుగు కూడా కట్టను నేను. ఎవరు కొన్నారు?"

"మా అన్నయ్య."

"పాపం, ఎవడో టోపీ పెట్టాడు."

దారంతా ఏడుస్తూనే వచ్చాను. ట్రాఫిక్ ఆగిన చోట పక్క బండి ఆవిడ ఏమైందని అడిగింది. మంచి వార్త అని చెప్పాను. ఆవిడకి అర్థమై ఉండదు.

అన్నయ్యా, ఆ పైపు నీకు అమ్మిందెవరు? పైపు తయారుచేసిన మిల్లు వాళ్ళ పరీక్ష కాగితం కూడా నువ్వు నాకు చూపించావు, బాగా గుర్తుంది. అంటే ఆ కాగితం కూడా దొంగదే అన్నమాట. అతని పేరు చెప్పు. ఇన్నేళ్ళ తర్వాత పోట్లాడి లాభం లేదని నువ్వంటావు. నేను పోట్లాడతాను.

బుడంకాయ


బుడంకాయా,

డ్రాయింగు ఈ కవర్లోనే ఉంది. ముందు అది తీసి దాచుకో. మిగతాది చదివాక కవరుతో సహా చించెయ్యాలనిపించొచ్చు.

నాకు ఎవరూ టోపీ పెట్టలేదు. ఆ షాపతను నిజాయితీగానే చెప్పాడు, "ఇది పందిళ్ళకీ కుర్చీలకీ సార్. బండికైతే రెండు వారాలాగండి, మంచిది తెప్పిస్తాను" అని. నేను ఆగలేదు. నెలాఖరుకల్లా నడిపి చూపిస్తానని ఆఫీసులో గొప్పలు చెప్పుకుని ఉన్నాను. నీకు చూపించిన కాగితం వేరే సరుకుది. అడిగి తెచ్చాను. నువ్వు కాగితం లేని ఇనుము ముట్టుకోవని తెలుసు కదా.

ఆస్పత్రిలో 'వెల్డింగు' అన్నప్పుడు నాకు నిజంగా తెలీదు. నొప్పిలో నోటికొచ్చింది అనేశాను. పది రోజుల తర్వాత, బండిని షెడ్డుకి చేర్చిన మెకానిక్ వచ్చాడు. "వెల్డింగు భేషుగ్గా ఉంది సార్, పైపే చెత్త" అన్నాడు. సంచిలో పెట్టింది అతనే. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. మర్నాడు నీకు చెప్పేద్దామనే అనుకున్నాను. నువ్వొచ్చి తలొంచుకుని నా కాలి కట్టు మారుస్తూ కూర్చున్నావు. చెప్పకుండానే కట్టు కట్టించుకున్నాను. ఆ మర్నాడూ అంతే. ఉద్యోగం కోసం ఊరు మారానని అందరూ అనుకుంటారు. నీ మొహం చూడలేక మారాను.

ఫ్యాక్టరీలో నువ్వు ఎందుకు చేరలేదో నీ మొదటి ఉత్తరం దాకా తెలీదు. జీతం నచ్చలేదంటే నమ్మేశాను. నమ్మడం నాకు సుఖంగా ఉండింది.

నన్నేం చేసినా తక్కువే.

అన్నయ్య


అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. ఈలోగా రెండు జవాబులు రాసి చించేశాను. వాటిలో ఉన్నవి నువ్వు చదవకపోవడమే మంచిది. కోపం తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది. నీ కాలు చూసి నేను జాలిపడిన ప్రతిసారీ నీకు నిజం తెలుసన్న మాట మింగుడు పడటం లేదు. దానికి ఇంకా టైము పడుతుంది, ఎంతో చెప్పలేను.

పని మాత్రం ఆపలేదు. పెద్దాయన దగ్గర ఇరవై నాలుగు పైపులు తీసుకుని ప్రతిదాని చివరా ముక్క కోసి నొక్కి చూశాను. రెండు విచ్చుకున్నాయి. పట్టుకెళ్ళి బల్ల మీద పెడితే ఆయన వెంటనే మార్చాడు. "నీలాంటి వాళ్ళు నలుగురొస్తే నేను షాపు మూసుకోవాలి" అన్నాడు. అంటూనే స్టూలు చూపించి కూర్చోమన్నాడు. బస్సు ఫ్యాక్టరీలో వచ్చే నెల వెల్డర్ల పరీక్ష ఉంది. దరఖాస్తు పెట్టాను. వయసు మీరిందంటే అననీ, వాళ్ళ ముందే వేసి చూపిస్తాను.

నువ్వు అమ్మకి ఫోను చేసి అంతా చెప్పావని నిన్న తెలిసింది. ఎలా తెలిసిందంటే, పొద్దున పదింటికి అమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది.

"వాడు చెప్పాడు" అంది. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు. నేను ఛాసిస్‌కి అడుగున వచ్చే పైపులు పరుచుకుని మొదటి అతుకు వేయబోతున్నాను. ఇటు నొక్కితే అటు చివర లేస్తోంది.

"అది ఎగిరెగిరి పడుతోంది, పట్టుకునేవాళ్ళు లేరా?"

"ఎవరున్నారు?"

చెంగు నడుముకి దోపుకుని వచ్చి, నా పాత చేతి తొడుగులు వేసుకుని పైపు చివర పట్టుకుంది. నేను చెప్పేదాకా కళ్ళు తెరవొద్దన్నాను. గట్టిగా మూసుకుంది. వేశాను. తెరవమన్నాక, చల్లారేదాకా ఆగి, నన్నడక్కుండానే ఆ పైపు మీద రెండు చేతులూ ఆన్చి, తన బరువంతా మోపి చూసింది. మళ్ళీ ఒకసారి మోపింది.

"గట్టిదే" అంది. తర్వాత అటు తిరిగి, "నిన్ను ఎన్నెన్ని మాటలన్నానే" అంది. సాయంత్రం దాకా ఇద్దరం పదిహేడు అతుకులు వేశాం.

ఈ కారు మొదట నేను నడుపుతాను. తర్వాత నువ్వు నడపాలి. నా మొహం చూడలేక ఊరు మారానన్నావుగా, నా ముందే నడపాలి. పెడల్స్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోకుండా ముందు భాగం కట్టలేను. కాబట్టి టేపు తీసుకుని గోడకి ఆనుకుని కూర్చో. దెబ్బ తిన్న ఎడమ కాలు ఎంతవరకు చాచగలవు, మోకాలు ఎంత వంగుతుంది, నొప్పి ఎక్కడ మొదలవుతుంది, అన్నీ కొలిచి రాయి. నన్ను బాధపెట్టకూడదని ఒక్క అంగుళం కూడా ఎక్కువ వేయకు.

ఎదురుచూస్తూ,
నీ చెల్లెలు